జాతీయ ప్రయోగశాలల్లో కంప్యూటర్ శాస్త్రజ్ఞులు సాధించేది ఏమిటి? ఆర్గాన్ ఉదాహరణగా ఒక సమాధానం

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: అమెరికా జాతీయ ప్రయోగశాలల గురించి ఎక్కడ చదివినా ఫలానా సూపర్ కంప్యూటర్ ప్రపంచంలో ఎన్నో స్థానంలో ఉందన్న వార్తే కనిపిస్తుంది. ఆ యంత్రాన్ని తయారు చేసేది ఇంటెల్, ఐబీఎం, క్రే లాంటి కంపెనీలు. మరి ప్రయోగశాలలో జీతం తీసుకుంటున్న శాస్త్రజ్ఞులు సాధించింది ఏమిటి, వారికి ఏ పురస్కారాలు వచ్చాయి? ఎం.టెక్. తర్వాత అటువైపు వెళ్లాలని ఉన్న మీలాంటివారు అక్కడ ఏ పని చేయాల్సి ఉంటుంది?

ప్రశ్న న్యాయమైనదే. సమాధానం వార్తల్లో దొరకకపోవడానికి కారణం కూడా ఉంది. యంత్రానికి ఫొటో తీయవచ్చు, ప్రారంభోత్సవం చేయవచ్చు. లక్ష వరుసల కోడ్‌కు రిబ్బను కత్తిరించడం కుదరదు. అక్కడివారి అసలు సంపాదన మాత్రం ఆ కోడే. ఇరవై ఏళ్లకు పైగా ద్రవ ప్రవాహాల లెక్కలు చేస్తూ వాళ్ల సాఫ్ట్‌వేర్ మీద ఆధారపడి బతుకుతున్నవాడిగా చెబుతున్నాను. అన్ని ప్రయోగశాలల గురించీ పైపైన చెప్పేకన్నా, నాకు బాగా తెలిసిన ఒక్కదాన్ని తీసుకుంటాను: షికాగో నగరానికి నైరుతి దిక్కున లెమాంట్‌లో ఉన్న ఆర్గాన్ నేషనల్ లాబొరేటరీ.

ముందు యంత్రాల సంగతి తొందరగా ముగిద్దాం. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో షికాగో విశ్వవిద్యాలయంలో అణు పరిశోధన చేసిన బృందం నుంచి 1946లో ఆర్గాన్ పుట్టింది. ప్రిన్స్‌టన్‌లో గణిత శాస్త్రజ్ఞుడు జాన్ ఫాన్ నాయ్‌మన్ బృందం రూపొందించిన నమూనా ఆధారంగా 1953లో సొంతంగా ఎవిడాక్ అనే కంప్యూటర్‌ను కట్టుకుంది. అప్పట్లో కొనడానికి దొరికేవి చాలా అరుదు, కట్టుకోవలసిందే. అక్కడి నుంచి దూకి ఈ శతాబ్దంలోకి వస్తే, 10 పెటాఫ్లాప్స్ (పెటాఫ్లాప్ అంటే సెకనుకు వెయ్యి లక్షల కోట్ల అంకగణిత క్రియలు) సామర్థ్యంతో 2012లో వచ్చిన మీరా అనే బ్లూ జీన్ యంత్రాన్ని 2019 ఆఖరుకు ఆపేసి విప్పేశారు. ఇప్పుడున్న అరోరా చరిత్ర ఇంకా విచిత్రం. 2015లో ప్రకటించినప్పుడు అది 2018 నాటికి 180 పెటాఫ్లాప్స్ యంత్రం. దానిలో పెట్టాల్సిన చిప్‌ను ఇంటెల్ మధ్యలో వదిలేయడంతో పథకమే మారి ఎక్సాస్కేల్ (ఒక ఎక్సాఫ్లాప్, అంటే వెయ్యి పెటాఫ్లాప్స్ స్థాయి) యంత్రమైంది. 2021లో రావలసింది వాయిదాల మీద వాయిదాలు పడి, 2023లో బిగింపు పూర్తయి, 2024 మే నెలలో 1.012 ఎక్సాఫ్లాప్స్ కొలతను అందుకుంది. అందులో 10,624 నోడ్‌లు (ఒక్కొక్కటీ ఒక విడి కంప్యూటర్ లాంటిది), 63,744 జీపీయూలు (గ్రాఫిక్స్ చిప్‌లు). కొన్నేళ్లకు దీన్నీ విప్పేస్తారు. ఇందులో ఎవరి తప్పూ లేదు, యంత్రాల ఆయుష్షే అంత. అందుకే ప్రయోగశాలను యంత్రంతో కొలిస్తే మిగిలేది కొద్ది.

ఈ సంగతిని అక్కడ చాలా ముందే గ్రహించినవారిలో మార్గరెట్ బట్లర్ ఒకరు. 1940ల చివర్లో ఆర్గాన్‌లో చేరిన గణిత శాస్త్రజ్ఞురాలు. రియాక్టర్ లెక్కల కోసం ఒక చోట రాసిన ప్రోగ్రామ్‌నే మరో చోట మళ్లీ మొదటి నుంచి రాసుకుంటున్న రోజుల్లో, 1960లో ఆర్గాన్ కోడ్ సెంటర్ మొదలైంది. ఎవరి ప్రోగ్రామ్ అయినా తెచ్చి, అది చెప్పిన పని చేస్తుందో లేదో పరీక్షించి, వివరాలు రాసి, అడిగిన సంస్థకు పంపడం దాని పని. తర్వాత జాతీయ స్థాయి సాఫ్ట్‌వేర్ కేంద్రంగా మారిన ఆ సంస్థను 1972 నుంచి 1991 వరకు నడిపింది ఆవిడే. అమెరికన్ న్యూక్లియర్ సొసైటీ ఫెలోగా ఎన్నికైన మొదటి మహిళ కూడా ఆవిడే. ఈరోజు గిట్‌హబ్‌లో ఒక్క మీట నొక్కి కోడ్ దించుకునేవారికి ఆ పని ఎంత బరువైనదో ఊహకు అందదు. ఒక యంత్రంలో నడిచే టేపు మరో యంత్రంలో నడిచేది కాదు.

ఇక అసలు కథ. 1970ల మొదట్లో మాత్రికల ఐగెన్ విలువలు (మాత్రిక స్వభావాన్ని చెప్పే ప్రత్యేక సంఖ్యలు) కనుక్కునే మంచి పద్ధతులు బ్రిటన్‌కు చెందిన జేమ్స్ విల్కిన్సన్, ఆయన సహచరులు ఆల్గాల్ భాషలో రాసి ప్రచురించారు. ఇంజనీర్లు వాడేది ఫోర్ట్రాన్. ఆర్గాన్ బృందం వాటిని ఫోర్ట్రాన్‌లోకి మార్చి ఐస్‌ప్యాక్ అనే పేరుతో విడుదల చేసింది. వినడానికి గుమాస్తా పనిలా ఉంటుంది కానీ కాదు. అప్పటి యంత్రాల్లో ఒక్కో కంపెనీది ఒక్కో రకం భిన్న సంఖ్యల (ఫ్లోటింగ్ పాయింట్) అంకగణితం. ఒకదాంట్లో సరిగా వచ్చే జవాబు మరోదాంట్లో ఆరో అంకె దగ్గరే తేడా కొట్టేది. అన్ని యంత్రాల్లోనూ నమ్మదగిన జవాబు రావాలంటే ఏం చేయాలి, పరీక్షలు ఎలా జరపాలి అన్నదే వాళ్ల పరిశోధనాంశం. ఇతర విశ్వవిద్యాలయాలకు, ప్రయోగశాలలకు కోడ్ పంపి, వాళ్ల యంత్రాల మీద నడిపించి, లోపాలు తెప్పించుకుని సరిచేశారు. సాఫ్ట్‌వేర్‌ను పరీక్షించడం కూడా శాస్త్రమేనని ఒప్పించిన పని అది.

దాని తర్వాతది లిన్‌ప్యాక్: సరళ సమీకరణాల వ్యవస్థలను సాధించే కోడ్. డాంగరా, బంచ్, మోలర్, స్టివార్ట్ అనే నలుగురి పేరుతో దాని వాడుకరుల గ్రంథం 1979లో వచ్చింది. జాక్ డాంగరా అప్పటికి ఆర్గాన్‌లో యువ ఉద్యోగి. ఆ గ్రంథం చివర అనుబంధంగా ఒక పట్టిక ఉంది. నూరు సమీకరణాలు, నూరు తెలియని రాశులు ఉన్న లెక్కను 23 యంత్రాలు ఎంతసేపట్లో చేశాయో అందులో ఇచ్చారు. మన దగ్గర ఈ లెక్కకు ఎంత సమయం పడుతుందో వాడుకరి అంచనా వేసుకోవడానికి మాత్రమే ఉద్దేశించిన పట్టిక అది. నూరు సమీకరణాల లెక్కకు దాదాపు ఏడు లక్షల అంకగణిత క్రియలు కావాలి. క్రే-1కు 0.049 సెకన్లు పట్టింది. ఆర్గాన్ సొంత ఐబీఎం 370/195కు 0.297. జాబితాలో అట్టడుగున యేల్ విశ్వవిద్యాలయపు డెక్ యంత్రానికి 17.1 సెకన్లు. అన్నీ చేసింది ఒకే లెక్క, జవాబూ ఒకటే.

కొత్త యంత్రం వచ్చినప్పుడల్లా డాంగరా ఆ పట్టికకు ఒక వరుస చేర్చుతూ పోయారు. లెక్క పరిమాణం పెరిగింది, నియమాలు వచ్చాయి, చివరకు 1993 జూన్‌లో మొదలైన టాప్ 500 జాబితాకు అదే కొలమానమైంది. మీరు వార్తల్లో చూసే స్థానాలన్నీ ఆ అనుబంధం మనవలే. ఇప్పుడు ఆ పరీక్షలో పరిష్కరించే వ్యవస్థలో రెండు కోట్లకు పైగా సమీకరణాలు ఉంటాయి.

నా అభిప్రాయం చెప్పాలంటే, ఆ కొలమానానికి ఇంత పెద్ద పీట వేయడం శాస్త్రానికి పెద్దగా మేలు చేయలేదు. ఆ పరీక్షలో ఉండేలాంటి నిండు (సున్నాలు లేని) మాత్రికల లెక్కలో ప్రాసెసర్ ఎప్పుడూ తీరిక లేకుండా ఉంటుంది. మనం నిజంగా చేసే లెక్కల్లో మాత్రికల నిండా సున్నాలే. ప్రాసెసర్ చేసే లెక్క కన్నా మెమరీ నుంచి అంకెలు తెచ్చుకోవడమే ఆలస్యం. ఈ మాట డాంగరాకూ తెలుసు. అందుకే శాండియా ప్రయోగశాలకు చెందిన మైకేల్ హెరూతో కలిసి హెచ్‌పీసీజీ అనే మరో పరీక్షను ఆయనే తెచ్చారు. ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాలలోని ఫ్రంటియర్ సూపర్ కంప్యూటర్ పాత పరీక్షలో ఒక ఎక్సాఫ్లాప్ దాటింది, కొత్త పరీక్షలో దాదాపు 14 పెటాఫ్లాప్స్ దగ్గర ఆగింది. అంటే వందో వంతు చుట్టుపక్కల. పత్రికలు మొదటి అంకె వేస్తాయి. మా పని రెండో అంకెతో నడుస్తుంది.

లిన్‌ప్యాక్ బృందంలోని క్లీవ్ మోలర్, ఫోర్ట్రాన్ రాయకుండానే తన విద్యార్థులు ఐస్‌ప్యాక్‌ను, లిన్‌ప్యాక్‌ను వాడుకోవాలని చిన్న ప్రోగ్రామ్ ఒకటి రాశారు. అదే మాట్‌ల్యాబ్. మీరు బీటెక్‌లో వెనక్కి వాలిన గీత గుర్తు పెట్టి సమీకరణాలు సాధించి ఉంటే, ఆ గీత వెనకాల ఉన్న పరంపర ఇదే. పైథాన్ వాడేవారైనా తప్పించుకోలేరు. పైథాన్‌లోని శాస్త్రీయ లెక్కల లైబ్రరీ సైపైలో కర్వ్ ఫిట్ చేసినప్పుడు, ఎఫ్‌సాల్వ్ పిలిచినప్పుడు చాలా ఏళ్లపాటు లోపల నడిచింది 1980లో ఆర్గాన్‌కు చెందిన మోరే, గార్బో, హిల్‌స్ట్రామ్ విడుదల చేసిన మిన్‌ప్యాక్ ఫోర్ట్రాన్ కోడే. ప్రపంచంలో ఎన్నో ప్రయోగశాలల్లో వక్రరేఖలు సరిపోల్చిన పనిలో ఆ ముగ్గురి చేయి ఉంది. వాళ్ల పేరు ఎవరైనా ప్రస్తావిస్తారా? నూటికి ఒకరు.

1980ల్లో ఇంకో చిన్న ఏర్పాటు జరిగింది. 1985లో డాంగరా, బెల్ ల్యాబ్స్‌కు చెందిన ఎరిక్ గ్రోస్ కలిసి నెట్‌లిబ్‌ను మొదలుపెట్టారు. ఒక ఈమెయిల్‌లో ఫలానా కోడ్ పంపమని ఒక్క వాక్యం రాస్తే, అటువైపు మనిషి కాకుండా ప్రోగ్రామే చదివి కోడ్‌ను తిరుగు ఈమెయిల్‌లో పంపేది. వెబ్ ఇంకా పుట్టలేదు.

ఇప్పుడు నేను అన్నిటికన్నా గొప్పగా తలచే పనికి వస్తాను. 1990ల మొదట్లో వందల ప్రాసెసర్లను కలిపిన యంత్రాలు రావడం మొదలైంది. ఒక ప్రాసెసర్ నుంచి మరోదానికి సమాచారం పంపే పద్ధతి మాత్రం ఇంటెల్‌కు ఒకటి, ఐబీఎంకు ఒకటి, ఎన్‌క్యూబ్‌కు ఒకటి. పైగా ఓక్ రిడ్జ్ వారి పీవీఎం, ఆర్గాన్ వారి పీ4. ఒక యంత్రానికి రాసిన కోడ్ మరోదానికి పనికిరాదు. 1992 ఏప్రిల్‌లో వర్జీనియాలోని విలియమ్స్‌బర్గ్‌లో అందరూ కూర్చుని ఉమ్మడి ప్రమాణం ఉండాలని అనుకున్నారు. దాని పేరే ఎంపీఐ. ప్రమాణాలు కాగితం మీదే చచ్చిపోవడం అందరికీ తెలిసిన సంగతి. అదే ఏడాది సూపర్ కంప్యూటింగ్ సమావేశంలో ఆర్గాన్‌కు చెందిన విలియం గ్రాప్, రస్టీ లస్క్ ఒక పని నెత్తిన వేసుకున్నారు. ప్రమాణం ముసాయిదా మారుతూ ఉండగానే, మారినప్పుడల్లా దానికి తగ్గట్టు నడిచే కోడ్‌ను రాస్తామన్నారు. అదే ఎంపీఐసీహెచ్. చివరి రెండు అక్షరాలు గ్రాప్ అంతకుముందు రాసిన కమీలియన్ అనే పొర పేరు నుంచి వచ్చాయి.

దీని వల్ల రెండు మేళ్లు జరిగాయి. ప్రమాణంలో అమలుకు కుదరని నియమం ఏదైనా ఉంటే వెంటనే బయటపడేది, కమిటీ సరిదిద్దుకునేది. 1994లో ప్రమాణం ఖరారయ్యే నాటికి, దించుకుని వాడుకోవడానికి కోడ్ తయారుగా ఉంది. పైగా ఆ కోడ్‌ను ఎవరైనా తీసుకుని మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. పైభాగమంతా ఉమ్మడిగా ఉంచి, యంత్రం నెట్‌వర్క్‌తో మాట్లాడే అడుగు పొరను మాత్రం విడిగా పెట్టారు. కంపెనీ ఏదైనా ఆ అడుగు పొర ఒక్కటి తనకు తగ్గట్టు రాసుకుంటే చాలు. ఇంటెల్ ఎంపీఐ, క్రే ఎంపీఐ, ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయపు ఎంవాపిచ్, ఇవన్నీ ఆ మొదలు నుంచి వచ్చిన కొమ్మలే.

లోపల ఏం చేస్తారో ఒక్క ఉదాహరణ చూపిస్తాను. లేకపోతే పరిశోధన అన్న మాట గాలిలో తేలుతుంది. 1,024 ప్రాసెస్‌లు (ఒకేసారి నడుస్తున్న ప్రోగ్రామ్ ప్రతులు) ఉన్నాయి. ఒక్కోదాని దగ్గర ఒక సంఖ్య ఉంది. వాటిని కూడితే వచ్చే మొత్తం అందరికీ తెలియాలి. చాలా సమాంతర లెక్కల్లో ఇది పదేపదే జరిగే పని. అందరూ ఒకరికే పంపితే ఆ ఒక్కరు 1,023 సందేశాలు వరసగా అందుకోవాలి. దానికి బదులు మొదటి అడుగులో పక్కవారితో సంఖ్యలు మార్చుకుని కలుపుకుంటారు. రెండో అడుగులో రెండు స్థానాల దూరంలో ఉన్నవారితో, ఆ తర్వాత నాలుగు, ఎనిమిది. పది అడుగుల్లో 1,024 మందికీ మొత్తం తెలిసిపోతుంది.

అంతటితో అయిపోలేదు. ఒక్క సంఖ్య కాకుండా పది లక్షల సంఖ్యల వరుస ఉందనుకోండి. పై పద్ధతిలో ప్రతి అడుగులోనూ వరుస మొత్తం ప్రయాణించాలి, నెట్‌వర్క్ మూసుకుపోతుంది. అప్పుడు వరుసను ముక్కలు చేసి, మొదటి అడుగులో సగం, తర్వాత పావు, ఇలా తగ్గిస్తూ పంపుతారు. చివరకు ఒక్కో ముక్క మొత్తం ఒక్కొక్కరి దగ్గర తేలుతుంది. ఆపైన ఆ ముక్కలను అందరికీ పంచుతారు. అడుగులు రెట్టింపవుతాయి, మోసే బరువు మాత్రం బాగా తగ్గుతుంది. ఎంత పొడవు దగ్గర ఒక పద్ధతి నుంచి మరో పద్ధతికి మారాలి? ప్రాసెస్‌ల సంఖ్య రెండు ఘాతం కాకపోతే ఏం చేయాలి? రాజీవ్ ఠాకూర్, రోల్ఫ్ రాబెన్‌సైఫ్నర్, గ్రాప్ 2005లో రాసిన వ్యాసం ఇదంతా కొలిచి తేల్చింది. వాడుకరికి ఇవేవీ తెలియనక్కర్లేదు. ఆయన ఆల్‌రెడ్యూస్ అని ఒక్క పిలుపు రాస్తాడు, పరిమాణాన్ని బట్టి లైబ్రరీయే ఎంచుకుంటుంది. ఈరోజు వేల జీపీయూల మీద భాషా నమూనాలకు శిక్షణ ఇస్తున్నప్పుడు గ్రేడియెంట్లు (నమూనాను ఎటు సవరించాలో చెప్పే సంఖ్యలు) కలపడం అంటే చేసేది ఈ పనే. ఆ రంగంలో కొత్తగా చేరిన కుర్రవాళ్లు దీన్ని నిన్నటి ఆవిష్కరణ అనుకుంటుంటే నవ్వు వస్తుంది.

పెట్‌ఎస్‌సీ గురించి చెప్పకపోతే నేను ఉప్పు తిన్న ఇంటిని మరిచినట్టే. 1991లో గ్రాప్ మొదలుపెట్టగా బ్యారీ స్మిత్, లోయిస్ కర్ఫ్‌మన్ మెక్‌ఇన్నెస్, సతీష్ బాలయ్, ఆ తర్వాత మరెందరో పెంచిన లైబ్రరీ ఇది. పాక్షిక అవకలన సమీకరణాలను (ప్రవాహం, వేడి లాంటివి ఎలా మారతాయో చెప్పే సమీకరణాలు) సమాంతర యంత్రాల మీద పరిష్కరించడానికి వాడతాం. భూగర్భజలాల ప్రవాహాన్ని లెక్కించే పీఫ్లోట్రాన్, ఐడహో ప్రయోగశాలలో రియాక్టర్ ఇంధనాన్ని అధ్యయనం చేసే మూస్, రెండూ దీని మీదే నిలబడ్డాయి. దాని అందం ఏమిటంటే, పరిష్కార పద్ధతిని కోడ్‌లో బిగించరు. ప్రోగ్రామ్‌ను నడిపించేటప్పుడు ఆదేశ వరుసలోనే పద్ధతి పేరు రాస్తాం. ఏమీ చెప్పకపోతే జీఎమ్‌రెస్ పద్ధతి తీసుకుంటుంది. అది సాగకపోతే కంపైల్ చేయకుండానే మరొకటి పెట్టి చూడవచ్చు. నిన్నటి దాకా కదలని లెక్క, ఆదేశంలో రెండు మాటలు మార్చేసరికి తెర మీద శేషం (జవాబులో ఇంకా మిగిలిన తేడా) ఒక్కో వరుసకూ పదో వంతు తగ్గుతూ దిగిపోవడం చూసినప్పుడు కలిగే సంతోషం ఈ వృత్తిలో ఉన్నవారికే తెలుస్తుంది.

పెట్‌ఎస్‌సీ వాడుకరుల ఈమెయిల్ చర్చల పాత దొంతరలు తిరగేస్తే ఆ ప్రయోగశాల ఉద్యోగుల దినచర్య కనిపిస్తుంది. ఎవరో ఒక విద్యార్థి ఇన్‌స్టాల్ కావడం లేదని రాస్తాడు. కాన్ఫిగర్ లాగ్ ఫైలు మొత్తం పంపమని జవాబు వస్తుంది. పంపుతాడు. మీ కంపైలర్ ఒక వెర్షన్‌ది, ఎంపీఐ మరో కంపైలర్‌తో కట్టినది, ముందు అది సరిచేయండి అని మళ్లీ జవాబు. ఇలాంటివి వేలకు వేలు. అడిగిన విద్యార్థి ఏ దేశంవాడో, ఏ విశ్వవిద్యాలయంవాడో ఎవరూ అడగరు. అంతర్జాతీయ బహుమతులు అందుకున్న మనిషి తెల్లవారగానే ఒక అపరిచిత విద్యార్థి కంపైలర్ సమస్య చూస్తున్నాడంటే, ఆ సంస్థ సంస్కృతి ఏమిటో అర్థం చేసుకోవచ్చు. వార్షిక నివేదికలో ఈ పనికి వరుస ఉండదు. లైబ్రరీ ముప్పై ఏళ్లు బతికిందంటే అది ఈ పని వల్లనే.

మన వైపు దీనితో సంబంధం ఏమిటని మీరు అడగవచ్చు. బంగాళాఖాతంలో తుఫాను లేచినప్పుడు వాతావరణ శాఖ వాడే నమూనాల్లో డబ్ల్యూఆర్‌ఎఫ్ ఒకటి. మన విశ్వవిద్యాలయాల్లో వాతావరణ శాస్త్రం చదివే విద్యార్థులు దాన్ని తప్పక ముట్టుకుంటారు. దాన్ని నడిపించినవారికి ఆర్ఎస్ఎల్ డాట్ ఎర్రర్ డాట్ 0000 అనే ఫైలు బాగా పరిచయం. ఏదైనా ఆగిపోతే మొదట తెరిచేది ఆ ఫైలే. అంతా సవ్యంగా జరిగితే చివరి వరుసలో సక్సెస్ కంప్లీట్ అని కనిపిస్తుంది. ఆ పేరులోని ఆర్ఎస్ఎల్ అంటే, ప్రాంతీయ వాతావరణ లెక్కను ప్రాసెసర్ల మధ్య పంచడానికి 1990ల్లో ఆర్గాన్ ఉద్యోగి జాన్ మైకలేక్స్ రాసిన లైబ్రరీ. దాని తేలికపాటి రూపమే డబ్ల్యూఆర్‌ఎఫ్ లోపల ఉంది. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ నడిపే సముద్ర నమూనాలు గానీ, ఐఐటీ హైదరాబాద్‌లోని పరమ్ సేవా యంత్రం మీద నడిచే లెక్కలు గానీ ఎంపీఐ లేకుండా సాగవు.

దారి మళ్లినట్టు ఉంటుంది కానీ ఆర్గాన్‌లో జరిగిన మరో పని చెప్పకుండా ఉండలేను. 1957లో లారీ వాస్ అనే గణిత శాస్త్రజ్ఞుడు అక్కడ చేరారు. పుట్టు అంధుడు. కంప్యూటర్‌తో సిద్ధాంతాలు నిరూపించడం ఆయన జీవితకాల కృషి. వేసవుల్లో అక్కడికి వచ్చి పనిచేసిన అలన్ రాబిన్సన్ 1965లో రిజల్యూషన్ సూత్రాన్ని (కంప్యూటర్‌తో నిరూపణలు చేయించే ఒక తర్క నియమం) ప్రచురించారు. ప్రోలాగ్ భాషకు అదే పునాది. ఆ బృందంలోని విలియం మెక్యూన్ 1996లో పట్టుకున్న సమస్య ఇది: 1930ల్లో హెర్బర్ట్ రాబిన్స్ ఒక చిన్న సమీకరణం ఇచ్చి, కూడికకు వర్తించే రెండు మామూలు నియమాలతో పాటు ఇది ఒక్కటి ఉంటే బూలియన్ బీజగణితం (నిజం, అబద్ధాల తర్కానికి వాడే బీజగణితం) మొత్తం వచ్చేస్తుందా అని అడిగారు. టార్‌స్కీ అంతటి తర్కవేత్త దాని మీద కృషి చేశారు, శిష్యులకూ ఇచ్చారు. తేలలేదు. ఆర్గాన్‌లోనే స్టీవ్ వింకర్ అంతకుముందు, ఫలానా షరతు ఒకటి నెరవేరితే చాలని నిరూపించి లక్ష్యాన్ని దగ్గరకు తెచ్చారు. మెక్యూన్ రాసిన ఈక్యూపీ అనే ప్రోగ్రామ్ ఒక మామూలు వర్క్‌స్టేషన్ మీద దాదాపు ఎనిమిది రోజులు వెతికి ఆ షరతును నిరూపించింది. ఆరు దశాబ్దాల ప్రశ్న ముగిసింది. వాడిన మెమరీ 30 మెగాబైట్ల చుట్టుపక్కల. మీ ఫోనులో ఒక చిన్న వీడియో అంత. కృత్రిమ మేధ గణితం చేస్తుందని ఇప్పుడు ఆశ్చర్యపోతున్నవారికి ఈ సంగతి చెబుతుంటాను.

పురస్కారాల మాట అడిగారు కాబట్టి చెబుతున్నాను. జాబితా పొడవుగానే ఉంటుంది. దూరదూరాన ఉన్న కంప్యూటర్లను కలిపి వాడుకునే గ్లోబస్ సాఫ్ట్‌వేర్‌కు 2002లో, ఎంపీఐసీహెచ్‌కు 2005లో, పెట్‌ఎస్‌సీకి 2009లో ఆర్ అండ్ డీ 100 పురస్కారాలు (ఏటా కొత్త సాంకేతిక ఆవిష్కరణలకు ఇచ్చేవి) వచ్చాయి. పెట్‌ఎస్‌సీ బృందానికి 2015లో అనువర్తిత గణిత సంఘం సయామ్, కంప్యూటర్ శాస్త్రజ్ఞుల సంఘం ఏసీఎం కలిసి ఇచ్చే ఉమ్మడి బహుమతి ఇచ్చారు. పెద్దవి మాత్రం చాలా ఆలస్యంగా వస్తాయి. లిన్‌ప్యాక్ గ్రంథం 1979ది, డాంగరాకు కంప్యూటర్ రంగంలో అత్యున్నతమైన ట్యూరింగ్ పురస్కారం 2021 సంవత్సరానిది. ఆయన ఆర్గాన్ వదిలి టెనెసీ విశ్వవిద్యాలయానికి, ఓక్ రిడ్జ్‌కు వెళ్లింది 1989లో. ఎంపీఐసీహెచ్ 1992లో మొదలైతే ఏసీఎం వారి సాఫ్ట్‌వేర్ సిస్టమ్ పురస్కారం 2024 సంవత్సరానికి వచ్చింది. అందుకున్నవారిలో గ్రాప్‌తో పాటు పవన్ బాలాజీ, రాజీవ్ ఠాకూర్ ఉన్నారు. ఇలాంటి కోడ్ గొప్పదో కాదో మొదటి ఐదేళ్లలో తెలియదు. మూడు తరాల యంత్రాలు మారినా నిలబడిందా అన్నది చూసి గానీ ఎవరూ తేల్చలేరు. ఒక విషయంలో ఆర్గాన్‌ను మెచ్చుకోవాలి. సంఖ్యా గణన సాఫ్ట్‌వేర్‌కు ప్రత్యేకంగా బహుమతి ఉండాలని బ్రిటన్‌కు చెందిన రెండు సంస్థలతో కలిసి విల్కిన్సన్ పేరిట నెలకొల్పింది. 1991 నుంచి నాలుగేళ్లకోసారి ఇస్తున్న ఆ బహుమతి ఎఫ్‌ఎఫ్‌టీడబ్ల్యూ, ఐపాప్ట్ అనే లైబ్రరీలకు, జూలియా భాషకు వచ్చింది. వ్యాసాలను కాకుండా కోడ్‌నే చదివి విలువకట్టే బహుమతులు అరుదు.

ఇక మీ రెండో ప్రశ్న. జీతం విషయంలో పెద్ద సాంకేతిక కంపెనీలతో పోటీ లేదు, ఆ ఆశతో వెళ్లవద్దు. ప్రాజెక్టుకు అమెరికా ఇంధన శాఖ నిధులు ఇస్తే పని ఉంటుంది. నిధుల కోసం ప్రతిపాదనలు రాయడం ఉద్యోగంలో పెద్ద భాగం. శుద్ధ పరిశోధన విభాగంలో చేరాలంటే పీహెచ్‌డీ తప్పదు. యంత్రాన్ని నడిపే విభాగంలో, బయటి శాస్త్రజ్ఞుల కోడ్‌ను కొత్త యంత్రానికి తగ్గట్టు తీర్చిదిద్దే పనుల్లో ఎం.టెక్. వారికీ చోటు ఉంటుంది. ఇంకో తేడా తెలుసుకోండి. అణ్వాయుధాల పని జరిగే లాస్ అలమోస్, లివర్‌మోర్, శాండియాల్లో చాలా ఉద్యోగాలకు అమెరికా పౌరసత్వం కావాలి. ఆర్గాన్, బర్కిలీ లాంటివి బహిరంగ విజ్ఞాన ప్రయోగశాలలు కాబట్టి విదేశీయులు ఎక్కువగా చేరగలిగారు. అయితే అనుమతుల నియమాలు ప్రభుత్వాలతో పాటు మారుతుంటాయి. దరఖాస్తు చేసే నాటి ప్రకటన చదువుకోండి, నా మాట పట్టుకోవద్దు. మన దేశంలోనే ఉండాలనుకుంటే 2015లో మొదలైన జాతీయ సూపర్ కంప్యూటింగ్ మిషన్ వల్ల ప్రభుత్వ కంప్యూటర్ పరిశోధన సంస్థ సీ-డాక్‌లోనూ, ఐఐటీల్లోనూ యంత్రాలు వచ్చాయి. వాటి మీద కోడ్ రాయగలిగినవారి కొరతే ఎక్కువగా ఉంది.

ఏం నేర్చుకోవాలంటే, సీ లేదా ఫోర్ట్రాన్ బాగా రావాలి. సంఖ్యా సరళ బీజగణితం పుస్తకం చదివితే చాలదు, చేత్తో రాసి ఉండాలి. వీటితో పాటు ఒక శాస్త్రం లోతుగా తెలియాలి, ద్రవ గతిశాస్త్రమో, పదార్థ శాస్త్రమో, వాతావరణమో. కంప్యూటర్ సైన్స్ ఒక్కటే తెలిసినవారు అక్కడ భౌతిక శాస్త్రజ్ఞుడి భాష అర్థంకాక ఇబ్బంది పడతారు. ఆర్గాన్ 2013 నుంచి ప్రతి వేసవిలో రెండు వారాల పాటు భారీ యంత్రాల గణనపై శిక్షణ ఇస్తోంది. అక్కడి ఉపన్యాసాల వీడియోలు ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. నేను చెప్పిన పేర్లలో కొందరు అందులో స్వయంగా పాఠం చెప్పడం చూస్తారు.

చదవడం కన్నా ముందు ఒక పని చేయండి. మీ లాప్‌టాప్‌లో పెట్‌ఎస్‌సీని ఇన్‌స్టాల్ చేయండి. దాని కేఎస్‌పీ (సరళ సమీకరణాలు సాధించే భాగం) పాఠాల్లో రెండో ఉదాహరణ ఒక చిన్న లాప్లాస్ సమీకరణాన్ని సమాంతరంగా పరిష్కరిస్తుంది. గ్రిడ్‌ను ఒక్కో దిశలో వెయ్యి బిందువులకు పెంచి, ఒక ప్రాసెస్‌తో, రెండింటితో, నాలుగింటితో, ఎనిమిదింటితో నడిపించండి. లాగ్ వ్యూ ఐచ్ఛికం పెడితే ఏ పనికి ఎంత సమయం పట్టిందో పట్టిక వస్తుంది. ఎనిమిది కోర్‌లు ఉన్నా వేగం ఎనిమిది రెట్లు పెరగదు, చాలా లాప్‌టాప్‌లలో రెండు మూడు రెట్ల దగ్గరే ఆగిపోతుంది. కారణం ఆ పట్టికలో పైకి కనిపించదు. పెట్‌ఎస్‌సీతో పాటే వచ్చే స్ట్రీమ్స్ పరీక్ష కూడా నడిపించి, రెండు ఫలితాలనూ పక్కపక్కన పెట్టి చూడండి. ఆ అంకెలు ఇక్కడ పెడితే, ఎక్కడ ఆగిందో, ఎందుకు ఆగిందో కలిసి చూద్దాం.